మ్యూజియంలో మనింటి వాటా

కోయంబత్తూరు, మదురైల్లో తెలుగువాళ్ల చరిత్ర సగం మ్యూజియం అద్దాల వెనక ఉంటే, సగం ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో ఉంది. ఈ రెండు సగాలనూ కలపగలిగింది కుటుంబమే. ఆ పని చేయగల పెద్దవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

సెలవురోజున మదురై తిరుమల నాయకర్ మహల్‌లో తెలుగు మాట చెవిన పడటం వింతేమీ కాదు. ఇద్దరు ముగ్గురు చేతులు చాపినా అందని స్తంభాల మధ్య ఓ తాత, ఆయన వేలు పట్టుకుని మనవడు నడుస్తుంటారు. "ఇది మనోళ్లు కట్టించిందిరా" అంటాడు తాత. "అట్లని యాడ రాసుండాది?" అని మనవడి ప్రశ్న. తాతకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. మనవడికి తమిళం, ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ తెలుగు సగమే వచ్చు. బోర్డులో రాజు పేరుంది, ఏడాది ఉంది. ఆ రాజు కొలువులో నడిచిన మాటే తమ ఇంట్లో కూడు వడ్డించేటప్పుడు వినపడే మాటని పిల్లాడికి తెలియాలంటే తాతే చెప్పాలి.

టికెట్టు కొనుక్కుని, ఓ గంట తిరిగి, ఫొటో దిగి బయటికొచ్చేస్తే అది చూడటమే అవుతుంది. ఇక్కడ మన కథ ఉందని మళ్లీ మళ్లీ వచ్చి, తమ ఇంట్లో ఉన్నది కూడా తెచ్చి చూపిస్తే అది సభ్యత్వం. పాత తెలుగు ఊళ్ల కుటుంబాలకు ఇప్పుడు కావాల్సింది ఈ రెండోదే.

కుటుంబ సభ్యత్వం అంటే..

అమెరికా, ఇంగ్లండుల్లో చిన్న పట్టణాల్లో సైతం స్థానిక చరిత్ర మ్యూజియంలు ఉంటాయి. వాటిలో చాలాచోట్ల 'కుటుంబ సభ్యత్వం' అని ఒక పద్ధతి ఉంది. ఇంటికంతా కలిపి ఏడాదికి ఒకసారి డబ్బు కడితే అమ్మానాన్నలు, పిల్లలు ఎన్నిసార్లయినా వచ్చిపోవచ్చు. కొత్తగా ఏదైనా ప్రదర్శన పెడితే ముందు వాళ్లకే కబురొస్తుంది. పాత ఫొటోలు, ఉత్తరాలు ఉంటే తెచ్చి చూపించమని అడుగుతారు. మ్యూజియానికి డబ్బు వస్తుందన్నది ఒక లాభమే. ఊళ్లోని ఇళ్లు ఆ మ్యూజియాన్ని తమదనుకోవడం అంతకన్నా పెద్ద లాభం.

మన దగ్గర మ్యూజియం అంటే బడి విహారయాత్రలో వరస కట్టి చూసొచ్చేది. మళ్లీ వెళ్లేది చుట్టాలొచ్చినప్పుడే. తమిళనాడులోని తెలుగు కుటుంబాలకు ఇది సరిపోదు. ఎందుకంటే వీళ్ల చరిత్ర బడి పాఠంలో పెద్దగా ఉండదు. ఇంట్లో చెప్పుకుంటే ఉన్నట్టు, చెప్పుకోకపోతే లేనట్టే.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. అంటే వందమందిలో దాదాపు ఆరుగురు. లెక్కల్లోకి ఎక్కనివాళ్లు, 'ఇంట్లో తెలుగే గానీ రాసేది తమిళం' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. నాలుగైదు వందల ఏళ్లుగా ఇక్కడివాళ్లే అయిపోయినవాళ్లకు తమిళం పరాయిదీ కాదు. కానీ బడిలో చోటు తగ్గిన కొద్దీ తెలుగుకు ఇల్లొక్కటే దిక్కయింది. అవ్వాతాతలు పోతే ఆ ఇంట్లోనూ ఆ మాట ఆగిపోతుంది. మాటతోపాటు అందులోని కథలూ పోతాయి. అసలు చిక్కు ఇదే.

చెట్టు వంగి దారిచ్చిందట!

మదురై నుంచి కోవిల్‌పట్టి దాకా, అటు కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల దాకా, పాత తెలుగు ఇళ్లలో వలస కథ ఒకటి తిరుగుతూ ఉంటుంది. పైనాటి నుంచి ఓ నవాబు మన ఆడపిల్లను అడిగాడట. ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకుని బయల్దేరారట. వెనక గుర్రాలు తరుముకొస్తున్నాయి. ముందు ఏరు పొంగుతోంది. అప్పుడు ఒడ్డున ఉన్న చెట్టు వంగి వంతెన అయిందట. మనోళ్లు దాటాక మళ్లీ నిటారుగా లేచిందట.

ఇది ఒక్క కులానిదో ఒక్క ఊరిదో కాదు. కమ్మవారిలో ఉంది, రాజకంబళం నాయకుల్లోనూ ఉంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో తొట్టియ నాయకుల గురించి రాస్తూ కానుగ చెట్లు వంగిన కథను నమోదు చేశాడు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ ఊరివాడు, తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి.రాజనారాయణన్ 1976లో తెచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలోనూ ఈ వలస కథే ఉంది. దాని తరువాయిగా రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశారు. మరుసటి ఏడాది కోవిల్‌పట్టిలో ప్రభుత్వం ఆయనకు స్మారక మందిరం కట్టించింది. అవ్వ చెప్పిన కథ పుస్తకమైంది. ఆ పుస్తకం రాసినాయనకు ఓ మందిరం లేచింది. కథ మొదలైంది మాత్రం ఓ ఇంటి అరుగు మీదే.

చెట్టు వంగిందా లేదా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన సంగతి. వాళ్లు చెప్పేది వేరుగా ఉంటుంది. విజయనగర సేనలతో వచ్చినవాళ్లు కొందరు. నాయక రాజులు పిలిచి పాళెంపట్లు ఇస్తే స్థిరపడినవాళ్లు కొందరు. పత్తికి, జొన్నకు పనికొచ్చే నల్లరేగడి వెతుక్కుంటూ వచ్చిన సేద్యగాళ్లు కొందరు. వాళ్ల వెంట తోలు పనివాళ్లు, నేతగాళ్లు, ఇంకా రకరకాల చేతిపనులవాళ్లు. ఒక్కసారి కాదు, తరాల తరబడి జరిగిన రాక ఇది. ఇంటి కథలో భయం, తెగింపు కనపడతాయి. చరిత్ర పుస్తకంలో కారణాలు కనపడతాయి. పిల్లలకు రెండూ కావాలి.

మదురై.. రాతిలో ఉన్నది, మాటలో ఉన్నది

విజయనగర రాజుల ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టింది 1529లో అని చరిత్రకారులు చెబుతారు. రాజ్యాన్ని 72 పాళెంపట్లుగా పంచిన ఏర్పాటు ఆయన పేరున, ఆయన దళవాయి అరియనాథ ముదలియార్ పేరున నిలిచింది. 1736 ప్రాంతంలో నాయక రాజ్యం ముగిసే దాకా రెండు వందల ఏళ్లకు పైగా ఈ కొలువులో తెలుగు నడిచింది.

ఆ రెండు వందల ఏళ్ల గుర్తులు ఊరంతా ఉన్నాయి. తిరుమల నాయకుడు (1623-1659) కట్టించిన మహల్ 1636 నాటిది. ఇప్పుడు మనం చూసేది అసలు కట్టడంలో నాలుగో వంతేనంటారు. పడిపోతున్న దాన్ని 19వ శతాబ్దంలో మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ బాగు చేయించాడు. కొన్నాళ్లు జిల్లా కోర్టూ ఇందులోనే నడిచింది. మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా పుదు మండపంలో విశ్వనాథుడి నుంచి తిరుమల నాయకుడి దాకా రాజుల నిలువెత్తు విగ్రహాలున్నాయి. చిత్తిరై తిరునాళ్లలో మీనాక్షి పెళ్లినీ అళగర్ వైగై ఏట్లో దిగే వేడుకనీ ఒకచోటికి చేర్చింది తిరుమల నాయకుడేనని చెబుతారు.

రాణి మంగమ్మ పేరు వినని ఇల్లు మదురైలో ఉండదు. మనవడు విజయరంగ చొక్కనాథుడు పసివాడుగా ఉండగా 1689 నుంచి సుమారు పదిహేనేళ్లు రాజ్యం నడిపింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. రైల్వేస్టేషను దగ్గర ఆమె పేరున్న సత్రం ఇందుకు ఆనవాలు. ఆమె విడిది అని చెప్పే తముక్కం భవనంలోనే ఇప్పుడు గాంధీ స్మారక మ్యూజియం ఉంది. 1959 ఏప్రిల్ 15న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. కాల్పులు జరిగిన రోజు గాంధీజీ ఒంటిమీదున్న బట్ట ఇక్కడే భద్రంగా ఉంది. ఆ బట్టను చూడటానికి వచ్చేవాళ్లలో ఎంతమందికి తాము నిలబడిన గోడలు ఓ తెలుగు రాణివని తెలుసు? తెలిసిన అవ్వ ఒకరు వెంట ఉంటే చాలు, ఒక్క టికెట్టుకు రెండు చరిత్రలు తెలుస్తాయి.

రాతి కట్టడాలు కంటికి కనపడతాయి. రాత కనపడదు. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'అహల్యా సంక్రందనము', శేషము వేంకటపతి 'శశాంక విజయము' రాసింది మదురై కొలువు నీడనే. విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగులో వచన గ్రంథాలు రాశాడు. కృష్ణదేవరాయల కథ చెప్పే 'రాయవాచకము' కూడా మదురై నాయకుల స్థానాపతి పేరు మీద వచ్చిందే. అందులోని వచనానికి వాడుక మాట వాసన ఉంది. కొలువులో మనుషులు ఎలా మాట్లాడుకునేవాళ్లో ఊహించుకోవడానికి అదో దారి. 'వస్తిమి', 'తింటివా' అని నేటికీ మాట్లాడే మదురై పల్లెల ముసలివాళ్లను 'మీది అసలు తెలుగు కాదు' అని కోస్తా చుట్టాలు వెక్కిరిస్తుంటారు. నిజానికి ఇది చెడిపోయిన తెలుగు కాదు, తన దారిన తాను నడిచొచ్చిన పాత తెలుగు.

అద్దాల బీరువాలో పెట్టలేనిది ఇంకొకటుంది. రాజకంబళం నాయకుల దేవరాట్టం. పెళ్లికైనా, దేవర కొలుపుకైనా ఉరుమి మోగితే తలపాగా చుట్టుకుని, చేతిలో గుడ్డ పట్టుకుని వరసగా అడుగేసే ఆట. పాట లేదు, ఉరుమి దరువే ఆధారం. వీరపాండ్య కట్టబొమ్మన పుట్టింది ఈ జనంలోనే. 'తొమ్మిది కంబళాలు' అని వాళ్లు చెప్పుకునే కట్టుబాట్ల సంగతి ఏ బోర్డు మీదా మొత్తం పట్టదు. తెలిసినవాళ్లు చెప్పాలి, పిల్లలు అడగాలి.

కోయంబత్తూరు.. కపిల నుంచి మోటారు దాకా

మదురైలో తెలుగు చరిత్ర రాజులది. కోయంబత్తూరుకు వస్తే అది రైతులది, యంత్రాలది.

అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో ప్రారంభించిన పది కిలోమీటర్ల పై వంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు. వీధుల పేర్ల నుంచి కులం మాటలు తీసేయాలని ప్రభుత్వం అనుకుంటున్న రోజుల్లోనే ఈ పేరు పెట్టడం మీద వాదన కూడా నడిచింది. ఆ వంతెన పేరు మోస్తున్న మనిషి ఎవరో తెలియాలంటే అదే రోడ్డు మీదున్న ఆయన ప్రదర్శనశాలకు వెళ్లాలి.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న సూలూరు దగ్గరి కలంగల్‌లో తెలుగు రైతు ఇంట పుట్టారు. బడి చదువు మూడో తరగతి దాటలేదంటారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని దారిలో సర్వీసు మొదలుపెట్టి యూనివర్సల్ మోటార్ సర్వీసును పెంచారు. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి చేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలో తయారైన తొలి మోటారుగా పేరు తెచ్చుకుంది. గడ్డం గీసుకునే కరెంటు రేజరు కూడా చేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన చేసినవి, దేశదేశాలు తిరిగి పోగుచేసినవి ఆ ప్రదర్శనశాలలో ఉన్నాయి. 2015లో ఆయన కుటుంబం అదే రోడ్డు మీద కార్ల మ్యూజియం కూడా తెరిచింది. ఒక కుటుంబం తన ఇంటి చరిత్రను ఊరి చరిత్రగా మార్చి చూపించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

అక్కడ మోటారు ముందు నిలబడి పిల్లలు 'ఇదేమి ఇంత లావుగా ఉంది' అని నవ్వుతారు. ఆ మోటారు విలువ తెలియాలంటే కపిల తోలిన తాత మాట వినాలి. కోయంబత్తూరు సీమ బావులు లోతైనవి. తోలుసంచీ కట్టి, ఎడ్లను ముందుకూ వెనక్కూ నడిపిస్తే గానీ నీళ్లు పైకి రావు. తెల్లవారుజామున మొదలుపెడితే పొద్దెక్కే దాకా అదే పని. 1930ల్లో పైకారా జలవిద్యుత్తు వచ్చాక ఈ సీమ రూపే మారింది. మిల్లులు వరసగా లేచాయి. బావుల మీద పంపుసెట్లు వచ్చాయి. ఆ పంపుసెట్లు చేసే పనిమంతులూ ఈ ఊళ్లోనే తయారయ్యారు. మోటారు మ్యూజియంలో ఉంది. ఎడ్ల మెడ కాడి, కపిల చక్రం ఇంకా ఏ ఇంటి పెరట్లోనో పడి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితేనే కథ పూర్తవుతుంది.

మిల్లుల కథా అంతే. 1888లో స్టేన్స్ దొరల మిల్లుతో ఇక్కడ నూలు పరిశ్రమ మొదలైంది. 1910లో జి.కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ స్థాపించారు. సిట్రా పరిశోధన సంస్థకు తొలి డైరెక్టరుగా పనిచేసిన కస్తూరి శ్రీనివాసన్ పేరున ఉన్న ట్రస్టు అవినాశి రోడ్డులోనే చిత్రశాలనూ వస్త్ర మ్యూజియాన్నీ నడుపుతోంది. మన అవ్వల చేతుల్లో తిరిగిన రాట్నం నుంచి మిల్లు యంత్రం దాకా దారి ఎలా సాగిందో అక్కడ చూడొచ్చు.

ఇక పీలమేడు. పి.ఎస్.గోవిందస్వామి నాయుడు ఆస్తిని నలుగురు కొడుకులు పంచుకునేటప్పుడు నాలుగు కాదు, ఐదు వాటాలు వేశారని ఊరంతా చెప్పుకుంటుంది. ఐదో వాటా ధర్మానికి. 1926లో పెట్టిన పీఎస్జీ అండ్ సన్స్ చారిటీస్ అలా పుట్టిందే. అంతకుముందే వాళ్లు మొదలుపెట్టిన బడికి పెట్టిన పేరు 'సర్వజన'. పేరులోనే అందరికీ చోటుంది.

ఆస్తి పంపకాల్లో ఐదో వాటా తీసినట్టే, ఇంటి జ్ఞాపకాల్లో కూడా ఒక వాటా ఊరికి తీయొచ్చు. మ్యూజియంలో కుటుంబ సభ్యత్వానికి సరైన అర్థం అదే.

కనపడని వాటాలు

రాజులు, మిల్లు యజమానులు ఉన్నంత మాత్రాన తెలుగువాళ్ల చరిత్ర పూర్తి కాదు. కోయంబత్తూరు, మదురై జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు తరతరాలుగా ఉన్నారు. కపిలకు కట్టిన తోలుసంచీ కుట్టింది వాళ్లే. ఎడ్ల పగ్గాలు, చెప్పులు, డప్పులు వాళ్ల చేతి పనే. ఊళ్లు నగరాలయ్యాక వీధులు ఊడ్చే పని, మురుగు ఎత్తే పని వాళ్ల మీదే పడింది. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ కోటాలో వాళ్లకు 3 శాతం విడిగా కేటాయించింది. ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది.

మోటారు చేసినాయన పేరు పెద్ద అక్షరాల్లో ఉండటం న్యాయమే. ఆ మోటారు రాకముందు నాలుగు వందల ఏళ్లు నీళ్లు తోడిన తోలుసంచీ ఎవరు కుట్టారో పక్కనే రాసి ఉంటే న్యాయం పూర్తవుతుంది. ఒకే బావి చుట్టూ బతికినా ఒకే కడవ ముట్టనివ్వని రోజులు ఇందులో ఉన్నాయి. పిల్లలకు అదీ చెప్పాలి. మంచి మాత్రమే ఏరుకుంటే అది చరిత్ర కాదు, గొప్పలు చెప్పుకోవడం.

ఆడవాళ్ల సంగతీ అంతే. రాణి మంగమ్మ ఒక్కరే గుర్తుంటారు. పత్తి ఏరినవాళ్లు, రాట్నం తిప్పినవాళ్లు, మిల్లుల్లో పనిచేసినవాళ్లు, అన్నిటికీ మించి తెలుగును ఊయల దగ్గర నుంచి అందించినవాళ్లు ఆడవాళ్లే. లాలిపాట తెలుగులో ఉన్నంతకాలం ఆ ఇల్లు తెలుగిల్లే. ఏ మ్యూజియంలోనూ లాలిపాటకు అర లేదు.

వేరే దేశాల్లో ఏం చేశారు?

కుటుంబాలే మ్యూజియాన్ని నింపిన ఉదాహరణలు లోకంలో ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 'డిస్ట్రిక్ట్ సిక్స్' అనే పేటను 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, 60 వేల మంది దాకా ఖాళీ చేయించారు. ఇళ్లు కూల్చేశారు. 1994లో అక్కడి పాత చర్చి భవనంలో మ్యూజియం పెట్టినప్పుడు నేల మీద ఆ పేట పటం పరిచారు. ఊరు విడిచిపోయినవాళ్లు వచ్చి తమ ఇల్లు ఉన్నచోట పేరు రాసుకున్నారు. కూల్చిన పాత ఇళ్లు తిరిగి రాలేదు గానీ అడ్రసులు దొరికాయి.

మారిషస్‌కు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల కథ మనకు ఇంకా దగ్గరిది. ఓడ దిగిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చారు. ఆ దస్త్రాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ముత్తాత పేరు, ఊరు, నంబరు వెతుక్కుంటూ కుటుంబాలు అక్కడికి వస్తాయి. వాళ్లు దిగిన ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అమృత్‌సర్‌లో 2017లో దేశానికి అంకితమిచ్చిన విభజన మ్యూజియం కూడా ఇళ్లలోంచి వచ్చిన పెట్టెలు, బట్టలు, ఉత్తరాలు, నోటిమాటలతోనే నిండింది.

కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్లకు ఓడ దస్త్రాలు లేవు. నడిచొచ్చినవాళ్లకు నంబర్లు ఎవరిస్తారు? వాళ్లకున్న దస్త్రం ఇంటిపేరే. ఇంటిపేరులో చాలాసార్లు వదిలొచ్చిన ఊరి పేరు దాగి ఉంటుంది. తమిళనాడులో పేరు ముందు తండ్రి పేరు పొడి అక్షరం ఒక్కటే రాసుకునే అలవాటు రావడంతో బడి రిజిస్టర్లలో ఇంటిపేరు జారిపోయింది. ఇప్పటి పిల్లలను 'మీ ఇంటిపేరేమి?' అంటే తెల్లముఖం వేస్తారు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మాత్రమే పెద్దలు దాన్ని బయటికి తీస్తున్నారు.

ఒక ఆదివారం చాలు

పెద్ద సంఘాలు, పెద్ద చందాలు అక్కర్లేకుండా ఇంటివాళ్లే చేయగలిగినవి ఉన్నాయి.

* ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫోనులో గంటసేపు మాటలు రికార్డు చేయండి. తమిళం కలిసినా ఫరవాలేదు, దిద్దొద్దు. వాళ్లు ఎలా పలికితే అలాగే ఉండనివ్వండి.

* ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, కులదైవం గుడి ఉన్న ఊరు, ఆడపడుచులను ఇచ్చిన ఊళ్లు ఓ నోటుపుస్తకంలో రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ లిపిలోనే రాయండి. రాయకపోవడం కన్నా అది నయం.

* పాత దస్తావేజులు, పెళ్లిపత్రికలు, తాటాకులు, ఫొటోలు పారేయొద్దు. తాటాకులకు నూనెలు పూసి సొంత వైద్యం చేయొద్దు. ముందు ఫొటో తీసుకుని, తెలిసినవాళ్లకు చూపించండి.

* కపిల చక్రం, రాట్నం, రోకలి, కొలపాత్ర లాంటివి పాత సామాన్లవాడికి వేసేముందు అది దేనికి వాడేవాళ్లో పిల్లలతో ఒక కాగితం మీద రాయించండి.

* మ్యూజియానికి వెళ్లేటప్పుడు పిల్లలతోపాటు అవ్వాతాతలను తీసుకెళ్లండి. వాళ్లు మోకాళ్ల నొప్పులంటే రెండు గదులే చూడండి. మళ్లీ ఇంకోసారి మిగతావి.

* బోర్డు మీద తెలుగు లేదని గొడవపడటం తేలిక. నాలుగు కుటుంబాలు కలిసి, తెలుగు తమిళం రెండూ తెలిసినవాళ్లతో ఒక పేజీ వివరణ రాయించి నిర్వాహకులకు మర్యాదగా ఇవ్వడం ఇంకొంచెం కష్టం. ఫలితం ఉండేది రెండో దానికే.

మ్యూజియంలు చేయాల్సినదీ ఉంది. ఇంటికంతా కలిపి ఏడాది చీటీ ఒకటి ఇస్తే కుటుంబాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏడాదికో రోజు 'మీ ఇంట్లోది తెచ్చి చూపించండి' అని పిలిస్తే తెలుగువాళ్లే కాదు, సౌరాష్ట్రులు, కన్నడం మాట్లాడే దేవాంగులు, తమిళులు అందరూ వస్తారు. మదురై, కోయంబత్తూరు ఏ ఒక్కరివో కావు. పక్కింటివాళ్ల పెట్టె తెరిస్తే మన పెట్టెలో ఏముందో గుర్తొస్తుంది.

చదివి వినిపించండి

ఈ పేజీ చేరే ఇళ్లలో కూడా తెలుగు చదవగలిగేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు వింటారు. చదవగలిగినవాళ్లు ఇది చదివి వినిపిస్తే బాగుంటుంది. విన్న పెద్దవాళ్లు 'అదట్ల కాదు, మా నాయన చెప్పింది వేరే' అని అడ్డం తగిలితే ఇంకా బాగు. అప్పుడు ఫోను తీసి రికార్డు మొదలుపెట్టొచ్చు.

మహల్‌లో మనవడు అడిగిన ప్రశ్నకు జవాబు అదే. 'యాడ రాసుండాది?' అంటే ఇంకా రాయలేదు. తాత చెప్పాలి, మనవడు రాయాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండగానే ఆ పని జరగాలి.